ఫార్మసీ డిగ్రీ ఉంది, వెస్ రిపోర్టు ఉంది, కెనడాలో ఫార్మసిస్టును మాత్రం కాదట. ఏం చేయాలి?

ఓరుగల్లు_సుజాత
మాది వరంగల్. బీఫార్మసీ తర్వాత ఎంఫార్మసీ చేసి, హైదరాబాద్ శివార్లలో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేశాను. మా ఆయనకి పీఆర్ రావడంతో కుటుంబమంతా కెనడా వచ్చేశాం. మిస్సిసాగాలో ఉంటున్నాం. బయల్దేరే ముందు కన్సల్టెన్సీ వాళ్ళు నా డిగ్రీకి వెస్ (వరల్డ్ ఎడ్యుకేషన్ సర్వీసెస్) అనే సంస్థ నుంచి రిపోర్టు తెప్పించారు. నా చదువు ఇక్కడి డిగ్రీకి సమానమని అందులో రాసి ఉంది. అది చూసి ఇంట్లో అందరం ధీమాగా ఉన్నాం.

ఇక్కడ ఒక ఫార్మసీలో రెజ్యూమె ఇస్తే మొట్టమొదట అడిగింది లైసెన్స్ నంబరు. వెస్ కాగితం తీసి చూపించాను. ఆవిడ మర్యాదగానే చెప్పింది, ఇది ఇమ్మిగ్రేషన్‌కి పనికొస్తుంది గానీ మందులు ఇవ్వడానికి కాదని. అంత ఫీజు పుచ్చుకున్న కన్సల్టెన్సీ ఈ ఒక్క ముక్క ఎందుకు చెప్పలేదో నాకిప్పటికీ అర్థం కావట్లేదు.

ప్రస్తుతం గోడౌన్‌లో ప్యాకింగ్ పని చేస్తున్నాను. పాపకి మూడేళ్ళు. పీఈబీసీ అని ఏవో పరీక్షలున్నాయట. ఎన్నాళ్ళు పడుతుంది? చదివినదంతా మళ్ళీ చదవాలా? చివరికి ఉద్యోగం వస్తుందా? ఆ దారిలో వెళ్ళినవాళ్ళు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఊరికే ఓదార్చొద్దు.

సూటిగా_చెప్తా
ఓదార్చొద్దన్నారు కాబట్టి చెప్తున్నా. వదిలేయండి. పరీక్ష మీద పరీక్ష, ఫీజు మీద ఫీజు. ఈలోగా పాప బడికెళ్ళే వయసొచ్చేస్తుంది. డేటా కోర్సు ఏదైనా చేసి కంపెనీలో చేరండి. మా చెల్లెలు అదే చేసింది, హాయిగా ఉంది.

మందులచీటీ
సుజాత గారూ, నేను ఆ దారిలోనే వచ్చాను. గుంటూరు వైపు బీఫార్మసీ చేశాను, ఇప్పుడు హామిల్టన్‌లో లైసెన్స్ ఉన్న ఫార్మసిస్టుని. పైన చెప్పిన సలహా నాకు నచ్చలేదు. ఎందుకో చెప్పేముందు వెస్ గందరగోళం తేలుద్దాం.

వెస్ చెప్పేది మీ చదువు ఏ స్థాయిదో. డిగ్రీనా, మాస్టర్సా, అంతవరకే. ఫార్మసిస్టుగా పనిచేయొచ్చా లేదా అన్నది ఇక్కడ రాష్ట్రాల చేతిలో ఉంటుంది. మీకైతే ఒంటారియో కాలేజ్ ఆఫ్ ఫార్మసిస్ట్స్. పేరు కాలేజే గానీ పాఠాలు చెప్పరు, మన ఫార్మసీ కౌన్సిల్ చేసే పని అది చేస్తుంది. దాని దగ్గరికి వెళ్ళే ముందు ఫార్మసీ ఎగ్జామినింగ్ బోర్డ్ ఆఫ్ కెనడా, అదే పీఈబీసీ, గడప దాటాలి. అసలు ఫార్మసిస్టు తానే ప్రధాన దరఖాస్తుదారుగా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో వస్తుంటే ఇమ్మిగ్రేషన్ వాళ్ళు కూడా వెస్ తీసుకోరు, పీఈబీసీ రిపోర్టే కావాలంటారు. డాక్టర్లయితే మెడికల్ కౌన్సిల్ ఆఫ్ కెనడా నుంచి తేవాలి. మీరు భర్త దరఖాస్తులో వచ్చారు కాబట్టి వెస్‌తో పని జరిగిపోయింది. అక్కడే ఈ సంగతి మరుగున పడిపోయింది.

వరస ఇదీ. ముందు కాగితాల పరిశీలన. ఆ తర్వాత ఎవాల్యుయేటింగ్ పరీక్ష. అది గట్టెక్కితే క్వాలిఫయింగ్ పరీక్ష, అందులో రెండు భాగాలు: ఒకటి సరైన జవాబు గుర్తించేది, రెండోది ఆస్కీ అనే ప్రాక్టికల్. ఈ పరీక్షలు ఏడాదికి కొన్నిసార్లే పెడతారు. ఒకటి తప్పితే నెలల తరబడి ఆగాలి. ఎన్నిసార్లు రాయొచ్చో దానికీ పరిమితి ఉంది, కాబట్టి ఒకసారి చూసొద్దాం అని వెళ్ళకూడదు. ఆపైన ఒంటారియో చట్టాల మీద పరీక్ష, ఇంగ్లీషు పరీక్ష, చివర్లో పేస్ అని ఒక మదింపు. ఫార్మసీలో మనం పనిచేస్తుంటే ఒకరు పక్కనుండి గమనిస్తారు. అంతా సాఫీగా సాగితే రెండేళ్ళు పడుతుంది. నాకు తెలిసినవాళ్ళలో చాలామందికి మూడు పట్టింది.

మీ ఎంఫార్మసీ ఈ లెక్కలోకి రాదు. వాళ్ళు చూసేది బీఫార్మసీనే.

న్యూజెర్సీ_నాని
మీరు అమెరికా రాలేదు, అది మీ అదృష్టం అనుకోండి. ఇక్కడ ఫార్మసీ బోర్డుల సంఘం ఎన్‌ఏబీపీ పెట్టిన నిబంధన ఒకటుంది. 2003 జనవరి 1 తర్వాత పట్టా పొందినవాళ్ళు కనీసం ఐదేళ్ళ ఫార్మసీ కోర్సు చదివి ఉండాలి. మన బీఫార్మసీ నాలుగేళ్ళు. పైన రెండేళ్ళు ఎంఫార్మసీ చేశాను, మొత్తం ఆరేళ్ళు కదా అంటే కుదరదు. 2008లో ఇండియాలో మొదలైన ఆరేళ్ళ ఫార్మ్‌డీ వాళ్ళకి దారి ఉంది. నాలాంటి బీఫార్మసీ వాళ్ళు, బయటి దేశాల్లో ఫార్మసీ చదివినవాళ్ళకి పెట్టే ఎఫ్‌పీజీఈఈ పరీక్ష రాయడానికి కూడా అర్హులు కారు.

నేను డ్రగ్ సేఫ్టీలోకి మారాను. మందు వాడాక రోగికి ఏమైనా ఇబ్బంది వస్తే ఆ కేసులు చదివి, నమోదు చేసి, రెగ్యులేటర్‌కి పంపే పని. చదివిన ఫార్మకాలజీ రోజూ వాడుకుంటున్నాను, లైసెన్స్ అక్కర్లేదు. సుజాత గారిది క్వాలిటీ కంట్రోల్ అనుభవం కాబట్టి ఆ వైపు కూడా చూడొచ్చు. టొరంటో చుట్టుపక్కల మందుల కంపెనీలు చాలానే ఉన్నాయి.

ఓరుగల్లు_సుజాత
నాని గారూ, ఐదేళ్ళ నిబంధన సంగతి ఇప్పుడే వింటున్నాను. ఇక్కడ అలాంటిదేమైనా ఉందా? నాది నాలుగేళ్ళ బీఫార్మసీనే.

మందులచీటీ
నాలుగేళ్ళది పీఈబీసీ తీసుకుంటుంది. నాదీ నాలుగేళ్ళదే. అమెరికా సంగతి చదివి భయపడకండి.

పళ్ళడాక్టరమ్మ_ఒట్టావా
ఫార్మసీ వాళ్ళ కష్టాలు చూస్తే ఒకందుకు అసూయగా ఉంది, మీరు సొంత పనిముట్లు కొనక్కర్లేదు 😀

నేను విజయవాడ హెల్త్ యూనివర్సిటీ బీడీఎస్. మీకు పీఈబీసీ ఎలాగో డెంటిస్టులమైన మాకు ఎన్‌డీఈబీ అనే బోర్డు అలాగ. నేను రాసినప్పుడు మొదట ఏఎఫ్‌కే రాతపరీక్ష, తర్వాత ఏసీజే, అందులో ఎక్స్‌రేలు చూపించి రోగ నిర్ధారణ అడిగేవారు. ఆ తర్వాత ఒట్టావాలో ప్రాక్టికల్, దాని స్థానంలో 2022 నుంచి ఎన్‌డీఈసీసీ వచ్చింది. బొమ్మ తల నోట్లో పళ్ళు చెక్కాలి. అద్దం చూసుకుంటూ పై దవడ వెనక పన్నుకి క్రౌన్ ప్రిపరేషన్ చేసేటప్పుడు పక్క పన్నుకి బర్ (డ్రిల్లు మొన) తగిలిందా, మార్కులు పోయినట్టే. ఇండియాలో రోజూ బతికున్న మనిషి నోట్లో చేసిన పనే. అయినా ఆ బొమ్మ ముందు కూర్చుంటే చెయ్యి కొత్తగా ఉంటుంది. ఎక్కడెక్కడి నుంచో ఈ పరీక్ష కోసం ఒట్టావా వచ్చి, నెలల తరబడి గది అద్దెకి తీసుకుని ప్రాక్టీసు చేసేవాళ్ళున్నారు.

సుజాత గారూ, ఈలోగా గోడౌన్‌లో ఉండకండి. నేను ఆ రోజుల్లో డెంటల్ అసిస్టెంట్‌గా చేశాను. జీతం తక్కువే. కానీ ఇక్కడివాళ్ళు రోగితో ఎలా మాట్లాడతారో ఏ పుస్తకమూ నాకు అంత బాగా నేర్పలేదు.

మందులచీటీ
డాక్టరమ్మ చెప్పింది అక్షరాలా నిజం. ఫార్మసీ అసిస్టెంట్ ఉద్యోగానికి లైసెన్స్ అక్కర్లేదు. టెక్నీషియన్ వేరు. ఒంటారియోలో 2010 నుంచి టెక్నీషియన్‌కి కూడా రిజిస్ట్రేషన్ ఉండాలి, ప్రకటన చూసేటప్పుడు ఆ తేడా గమనించండి. అసిస్టెంట్‌గా చేరితే మందుల బ్రాండ్ పేర్లు నోటికొస్తాయి. మన డోలో, క్రోసిన్ ఇక్కడ టైలెనాల్, డబ్బా మీద అసిటమినోఫెన్ అని ఉంటుంది. ప్రతి మందుకీ గుర్తింపుగా ఎనిమిది అంకెల డిన్ నంబరు. అరవై ఐదు దాటినవాళ్ళ బిల్లు ఒంటారియో ప్రభుత్వ మందుల పథకం ఓడీబీకి, మిగతావాళ్ళది వాళ్ళ ఇన్సూరెన్సుకి. ఇన్సూరెన్స్ తిరగ్గొడితే డాక్టరాఫీసుకి ఫ్యాక్స్. ఇవన్నీ చేతికి అలవాటైతే పేస్ నాటికి టెన్షన్ సగం తగ్గుతుంది.

మెడికల్_షాప్_అబ్బాయి
ఒంగోలు నుంచి. మా నాన్నది మెడికల్ షాపు. ఒక మాట అంటాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. మన దగ్గర గోడకి వేలాడే సర్టిఫికెట్ ఒకరిది, కౌంటర్లో మందులిచ్చేది ఇంకొకరు. నెలకింత అని సర్టిఫికెట్ అద్దెకిస్తారు. 1948 ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ రిజిస్టర్డ్ ఫార్మసిస్టే మందివ్వాలంటుంది. చాలా షాపుల్లో అది గోడ మీదే ఉంటుంది. ఆ అనుభవానికి కూడా సర్టిఫికెట్ తీసుకుని బయట దేశం వెళ్తే వాళ్ళు మళ్ళీ పరీక్ష పెట్టడంలో తప్పేముంది?

ఓరుగల్లు_సుజాత
నేను సర్టిఫికెట్ అద్దెకిచ్చినదాన్ని కాదండీ. మందుల నాణ్యత తేల్చే హెచ్‌పీఎల్‌సీ యంత్రం దగ్గర నిలబడి రాత్రి షిఫ్టులు చేసినదాన్ని. అద్దెకిచ్చినవాళ్ళనీ పనిచేసినవాళ్ళనీ ఒకే గాటన కడితే మనసుకి కష్టంగా ఉంటుంది.

మెడికల్_షాప్_అబ్బాయి
మిమ్మల్ని అనలేదక్కా. కెనడాలో కూర్చుని కాగితం చూసేవాడికి మీ సర్టిఫికెట్టూ, అద్దె సర్టిఫికెట్టూ ఒకేలా కనిపిస్తాయి. నా బాధ అదే. అద్దె బాపతు వాళ్ళ వల్ల నష్టపోయేది మీలాంటివాళ్ళే.

గోదారి_గట్టు
ఈ వాదన నేను ఒప్పుకోను. మోసగాళ్ళ కోసం అందరికీ మూడేళ్ళ శిక్షా? నేను సివిల్ ఇంజనీరుని, రాజమండ్రి. ఇండియాలో వంతెనలు కట్టాను. ఇక్కడ పీఈఓ అని ఇంజనీర్ల సంస్థ. లైసెన్సుకి నాలుగేళ్ళ అనుభవం కావాలి, అందులో ఒక ఏడాది కెనడాలోనే చేసి ఉండాలి అనేవాళ్ళు. లైసెన్స్ లేదని ఉద్యోగం ఇవ్వరు, ఉద్యోగం లేదని లైసెన్స్ ఇవ్వరు. అలా ఎంతమంది ట్యాక్సీలు నడిపారో! అడగ్గా అడగ్గా 2023 మేలో ఆ కెనడా అనుభవం నిబంధన ఎత్తేశారు. మరి ఎత్తేశాక ఇక్కడి వంతెనలేమైనా కూలాయా? అంటే ఆ నిబంధన ప్రజల భద్రత కోసం పెట్టింది కాదనే కదా!

మాంచెస్టర్_మావయ్య
గోదారి గట్టు గారి కోపం అర్థమైంది. కానీ మనమూ అదే చేస్తున్నాం కదా. ఉక్రెయిన్, చైనా, కిర్గిజ్‌స్థాన్, ఫిలిప్పీన్స్‌లో ఎంబీబీఎస్ చదివొచ్చిన మన తెలుగు పిల్లల్ని ఎఫ్‌ఎంజీఈ రాయమంటున్నాం. 300 ప్రశ్నలు, 150 రావాలి. 2002 నుంచీ ఉంది. ఆ పిల్లలు ఇంటికొచ్చి ఏళ్ళ తరబడి కోచింగ్ సెంటర్లలో ఉంటే మనం "పాసవలేదు, ఏం డాక్టరు" అంటాం. మనకి పెడితే మాత్రం అన్యాయం అంటాం.

నాది ప్లాబ్ దారి, బయటి దేశాల డాక్టర్లకి బ్రిటన్ పెట్టే పరీక్ష. మొదటి భాగం ఇండియాలోనే రాయొచ్చు. రెండోది మాంచెస్టర్‌లో తప్ప ప్రపంచంలో ఎక్కడా లేదు. ఆ పరీక్షలో నాకు నచ్చిందొకటి ఉంది. చెడ్డ వార్త చెప్పడం ఒక స్టేషన్. ఎదురుగా నటి కూర్చుని నిజంగానే ఏడుస్తుంది. మనకి గుండె గురించి ఎంత తెలుసన్నది అక్కడ పక్కన పెట్టేస్తారు, ఆవిడ ఏడుస్తుంటే మనం ఏం చేస్తామన్నది చూస్తారు. మా రోజుల్లో ఇండియాలో అది ఎవరూ నేర్పలేదు. ఇక్కడ నేర్చుకున్నందుకు నాకు సంతోషంగానే ఉంది.

గోదారి_గట్టు
మావయ్యా, పరీక్ష వద్దని నేననలేదు. పరీక్ష పెట్టండి, రేపే పెట్టండి, రాస్తా. నేను అడుగుతున్నది ఆలస్యం గురించి. ఫైలు నెలల తరబడి ఎక్కడో పడి ఉండటం, ఒకే కాగితాన్ని ముగ్గురు మూడుసార్లు అడగడం, దీని వల్ల ఏ రోగి ప్రాణం నిలబడింది?

మందులచీటీ
ఇద్దరికీ సగం సగం మార్కులు. పరీక్ష కావాలి, ఆలస్యం అక్కర్లేదు. ఒంటారియోలో 2006లోనే దీని కోసం చట్టం తెచ్చారు, కెనడాలో అదే మొదటిది. ఫెయిర్‌నెస్ కమిషనర్ అని ఒక ఆఫీసు ఉంది. లైసెన్సులిచ్చే సంస్థలు పారదర్శకంగా ఉన్నాయా లేదా అని చూస్తుంది. మీ ఒక్కరి కేసు తీసుకుని తీర్పు చెప్పదు గానీ, ఆలస్యాల మీద ఆ సంస్థల్ని నిలదీస్తుంది.

ఇక ఆస్కీ. సుజాత గారికి ఇదే పనికొస్తుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. వరసగా గదులుంటాయి. తలుపు బయట ఒక కాగితం. బెల్ మోగగానే లోపలికి వెళ్ళాలి. లోపల ఒక పెద్దాయన, మోకాలు నొప్పి, ఐబుప్రొఫెన్ కావాలంటాడు. మన అలవాటు ఏమిటంటే షెల్ఫులోంచి తీసి ఇచ్చేయడం. ఇక్కడ "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని అడగాలి. అడిగితేనే ఆయన జేబులోంచి వార్ఫరిన్ డబ్బా తీస్తాడు. అడగకపోతే తీయడు. వార్ఫరిన్ మీద ఉన్నవాడికి ఐబుప్రొఫెన్ ఇస్తే రక్తస్రావం ముప్పు. అది మనకి పుస్తకంలో వచ్చు, రెండో ఏడాదిలోనే చదివాం. ఆ గదిలో మాత్రం అడిగామా లేదా అన్నదే తేలుతుంది. తర్వాత ఏం తీసుకోవాలో, ఏ లక్షణం కనబడితే డాక్టరు దగ్గరికి పరిగెత్తాలో ఆయనకి అర్థమయ్యేలా చెప్పి, అర్థమైందో లేదో తిరిగి అడిగి రాబట్టాలి.

ఇదంతా ఎందుకంటే ఇక్కడ ఫార్మసిస్టు పని పెరిగింది. 2023 జనవరి నుంచి ఒంటారియోలో చిన్నపాటి జబ్బులు పదమూడింటికి ఫార్మసిస్టే మందు రాసివ్వొచ్చు. అదే ఏడాది అక్టోబరులో ఇంకో ఆరు కలిపారు. ఆడవాళ్ళ మూత్ర ఇన్ఫెక్షన్, కళ్ళకలక లాంటివి ఇప్పుడు నేనే చూసి రాస్తున్నాను. సూటిగా గారు వదిలేయమన్నది ఈ ఉద్యోగాన్ని.

సూటిగా_చెప్తా
ఉద్యోగం మంచిదని ఒప్పుకుంటా. కానీ ఆ రెండు మూడేళ్ళు పాపని ఎవరు చూస్తారు? ఫీజులు ఎవరు కడతారు? దానికి జవాబు ఎవరూ చెప్పలేదు. ధైర్యం చెప్పడం తేలికే.

బ్రాంప్టన్_అక్క
న్యాయమైన ప్రశ్నే. చెప్తాను.

పాప విషయం: సుజాతా, ఆరేళ్ళ లోపు పిల్లలకి కేంద్రం, ఒంటారియో కలిసి డే కేర్ ఫీజు తగ్గించాయి. ఆ పథకంలో ఉన్న డే కేర్‌లలో 2025 జనవరి నుంచి రోజుకి 22 డాలర్లు మించి తీసుకోకూడదు. చిక్కల్లా సీటు దొరకడమే. వెయిటింగ్ లిస్టు పొడుగ్గా ఉంటుంది. ఈ రోజే పేరు రాయించు, పరీక్ష తేదీ చూసుకుని రాయిద్దాం అనుకోకు.

ఫీజుల విషయం: విండ్‌మిల్ మైక్రోలెండింగ్ అని ఒక స్వచ్ఛంద సంస్థ ఉంది. బయటి దేశంలో చదివొచ్చినవాళ్ళకి లైసెన్స్ పరీక్షల కోసమే అప్పిస్తుంది. పరీక్ష ఫీజుకే కాదు, పుస్తకాలకీ కోర్సుకీ కూడా. క్రెడిట్ కార్డు మీద లాగించొద్దు.

మూడోది ఎవరూ రాయరు గానీ నేను రాస్తాను. ఇంట్లో మాట్లాడుకోండి. నేను నర్సుని. ఎన్‌క్లెక్స్‌కి చదివిన ఆ కొన్ని నెలలూ మా ఆయన వంట, పిల్లలు రెండూ చూసుకున్నారు. అది లేకపోతే నాకు లైసెన్స్ వచ్చేది కాదు. "తీరికున్నప్పుడు చదువుకో" అంటే తీరిక ఎప్పటికీ దొరకదు తల్లీ.

ఓరుగల్లు_సుజాత
అక్కా, మీ మూడో మాట మా ఆయనకి చదివి వినిపించాను. శని, ఆదివారాలు పాప బాధ్యత తనదే అన్నారు.

బ్రాంప్టన్_అక్క
రాయించి సంతకం పెట్టించుకో 😄

కడప_సిస్టర్
నేను జీఎన్‌ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా. ముందు గల్ఫ్‌లో చేశాను. అక్కడ డేటాఫ్లో వాళ్ళు మన సర్టిఫికెట్లు నిజమో కాదో కాలేజీకే రాసి అడుగుతారు, ప్రోమెట్రిక్ పరీక్ష ఒకటి, అంతే. త్వరగా అయిపోయింది. ఇప్పుడు జర్మనీలో ఉన్నాను. ఇక్కడ నర్సుగా గుర్తింపు కావాలంటే జర్మన్ బీ2 స్థాయి రావాలి. మన సిలబస్ వాళ్ళ సిలబస్‌తో పోల్చి ఏం తక్కువో రాసి పంపుతారు. అప్పుడు అడాప్టేషన్ కోర్సు చేయడమో, పరీక్ష రాయడమో ఏదో ఒకటి. అందాకా సహాయకురాలిగా తక్కువ జీతానికి పని.

ఒకటి బాగుంది. ఏది తక్కువో కాగితం మీద రాసిచ్చారు. నాకు వృద్ధుల సంరక్షణలో గంటలు తక్కువన్నారు. సరే, అవి చేశాను. ఫెయిల్ అనకుండా ఇక్కడ లోటుంది, ఇది పూడ్చు అంటే మనిషికి పట్టుదల వస్తుంది. తెలంగాణ వాళ్ళెవరైనా నర్సులుంటే టామ్‌కామ్‌లో అడగండి, ప్రభుత్వ సంస్థే, జర్మనీ వెళ్ళేవాళ్ళకి భాష నేర్పిస్తుంది.

పేరులో_ఏముంది
అందరూ పరీక్షల గురించి రాస్తున్నారు. నా ఫైలు ఆగింది పేరు దగ్గర. సుజాత గారూ, ముందు ఇది చూసుకోండి.

పదో తరగతి మెమోలో నా ఇంటిపేరు పొడి అక్షరం, వెనక పేరు. డిగ్రీలో పేరు ముందు, పొడి అక్షరం వెనక. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా విడదీసి ఉంది. పెళ్ళయ్యాక మా ఆవిడ పాస్‌పోర్టులో నా ఇంటిపేరు చేరింది, ఆవిడ కాగితాలన్నీ పుట్టింటి ఇంటిపేరుతో ఉన్నాయి. ఇది మనకి వింతగా అనిపించదు. వాళ్ళకి మాత్రం ఒక్కో కాగితం ఒక్కో మనిషిది. అఫిడవిట్ ఇచ్చి, అందరూ ఒకరే అని నిరూపించేదాకా ఫైలు కదల్లేదు.

రెండోది ట్రాన్స్‌క్రిప్టులు. మనం పంపితే తీసుకోరు, యూనివర్సిటీ నేరుగా పంపాలి. పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), సీఎంఎం (మొత్తం మార్కుల మెమో), ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) చేతిలో ఉన్నాయి కదా అనుకుంటే చాలదు. మా యూనివర్సిటీ ఎగ్జామినేషన్ బ్రాంచ్‌లో మా బావమరిది ఎన్నిసార్లు తిరిగాడో. కవరు మూసి, అతుకు మీద ముద్ర వేసి ఉండాలి. ఒకసారి ముద్ర అతుకు మీద పడలేదని వెనక్కొచ్చింది.

మూడోది, రాష్ట్రం విడిపోక ముందు ఉమ్మడి కౌన్సిల్లో రిజిస్టర్ అయినవాళ్ళు ఇప్పుడు మీ రికార్డు ఏ రాష్ట్రం దగ్గరుందో ముందే కనుక్కోండి. ఇక్కడి బోర్డు అడిగాక వెతకడం మొదలెడితే ఆలస్యమవుతుంది.

మందులచీటీ
పేరులో ఏముంది గారిది ఈ చర్చలోకెల్లా విలువైన పోస్టు. పైకి పిన్ చేస్తే బాగుంటుంది.

గోదారి_గట్టు
పేర్ల విషయంలో మా అన్నదీ ఇదే కథ. తండ్రి పేరు కాలమ్‌లో ఇంటిపేరు, ఇంటిపేరు కాలమ్‌లో ఊరి పేరు.

ఇంకోటి, ఉద్యోగాలు చూసే అందరికీ. 2026 జనవరి 1 నుంచి ఒంటారియోలో పాతిక మంది, ఆపైన పనిచేసే కంపెనీలు బహిరంగ ప్రకటనల్లో కెనడా అనుభవం కావాలని రాయకూడదు. ఇంటర్వ్యూలో మనసులో ఏమనుకుంటారో మన చేతిలో లేదు, కానీ ప్రకటన చూసి వెనక్కి తగ్గే అవసరం ఇక లేదు.

గుంటూరు_ఫైనల్_ఇయర్
అన్నా, అక్కా, నేను బీఫార్మసీ ఆఖరి సంవత్సరం. పోయినేడాది సీనియర్లు చాలామంది కెనడా వెళ్ళారు, నాకూ వెళ్ళాలనుంది. అక్కడికొచ్చాక చేసేకంటే ఇక్కడుండగా చేయగలిగినవి ఏమిటి?

మందులచీటీ
తమ్ముడూ, చాలా ఉన్నాయి. కాగితాల పరిశీలన దరఖాస్తు ఇండియా నుంచే చేసుకోవచ్చు. ట్రాన్స్‌క్రిప్టులు నువ్వు ఊళ్ళో ఉండగా తెప్పించుకోవడం, ఊరొదిలాక తెప్పించుకోవడం ఒకటి కాదు. పదో తరగతి మెమో దగ్గర్నుంచి పాస్‌పోర్టు దాకా పేరు ఒకేలా ఉందో లేదో ఈ వారమే చూడు. స్టేట్ ఫార్మసీ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకో, ఏదీ అద్దెకివ్వకు. ఐఈఎల్‌టీఎస్ ఇప్పుడే రాయకు, ఫలితం రెండేళ్ళే చెల్లుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఎక్కడైనా మంచి ఆసుపత్రి ఫార్మసీలో కొన్నాళ్ళు నిజంగా పనిచెయ్. చీటీ చదువు, రోగితో మాట్లాడు, మందు ఎందుకిచ్చారో అడిగి తెలుసుకో. ఎవాల్యుయేటింగ్ పరీక్ష దాటించేది అదే.

కెనడాకా, అమెరికాకా అని ఊగిసలాడుతుంటే నాని గారి పోస్టు ఇంకోసారి చదువు.

న్యూజెర్సీ_నాని
చదివి, వాళ్ళ నాన్నగారికి కూడా చూపించమను. "అమెరికా అయితే బాగుంటుంది" అనే మాట ఎక్కువగా నాన్నల దగ్గర్నుంచే వస్తుంది.

సూటిగా_చెప్తా
ఇదంతా చదివాక నా మాట కొంచెం సర్దుతున్నా. డే కేర్, అప్పు, ఇంట్లో సాయం, ఈ మూడూ కుదిరితే పరీక్షలు రాయండి. మూడింట్లో రెండు కుదరకపోతే మాత్రం నా సలహా పాతదే. మా చెల్లెలికి అప్పట్లో ఒక్కటీ కుదరలేదు.

బ్రాంప్టన్_అక్క
అది సబబైన మాట. మీ చెల్లెలు చేసింది కూడా తప్పేమీ కాదు బాబూ. ఇక్కడ లైసెన్స్ తెచ్చుకోనివాళ్ళంతా ఓడిపోయినవాళ్ళు కారు.

ఓరుగల్లు_సుజాత
అందరికీ పేరుపేరునా థాంక్స్. నా మెమోలన్నీ బయటపెట్టి చూశాను. పదో తరగతిలోనూ డిగ్రీలోనూ పేరు ఒకేలా ఉంది, పాస్‌పోర్టులో మా ఆయన ఇంటిపేరు కలిసింది. దానికి పెళ్ళి సర్టిఫికెట్ సరిపోతుందా, అఫిడవిట్ కూడా కావాలా? ట్రాన్స్‌క్రిప్టుల కోసం మా తమ్ముడు సోమవారం యూనివర్సిటీకి వెళ్తున్నాడు. ముద్ర అతుకు మీదే వేయించమని గట్టిగా చెప్పాను. దగ్గర్లోని రెండు ఫార్మసీల్లో అసిస్టెంట్ పనికి అప్లికేషన్ పెట్టాను. డే కేర్ లిస్టులో పాప పేరు ఎక్కింది.

పేరులో_ఏముంది
మా ఆవిడకి రిజిస్టర్డ్ పెళ్ళి సర్టిఫికెట్‌తో పని అయిపోయింది. గుడిలో ఇచ్చిన కాగితం అయితే కాదు, సబ్ రిజిస్ట్రార్ దగ్గర చేయించినదే. అయినా దరఖాస్తుకి ముందు పీఈబీసీకి ఒక మెయిల్ పెట్టి అడగండి, జవాబు దాచుకోండి.

మందులచీటీ
ఎవాల్యుయేటింగ్ పరీక్షకి చదవడం మొదలెట్టాక ఇక్కడ రాయండి. శనివారం సాయంత్రాలు మేం కొందరం ఆన్‌లైన్‌లో కూర్చుని కేసులు ప్రాక్టీసు చేయిస్తున్నాం. ఒకరు రోగి, ఒకరు ఫార్మసిస్టు. ఇంగ్లీషులోనే మాట్లాడాలి, మధ్యలో తెలుగులోకి జారితే ఆపేస్తాం. పాప పక్కనుంటే ఉండనివ్వండి, మాకేం అడ్డు కాదు.